గోడవైపు తిరిగి కూర్చునే మేడం

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, "నా మిషన్లో బాగానే పనిచేస్తోంది సార్" అంది. అనకూడని మాటేమీ కాదు. మా వృత్తిలో రోజుకు పదిసార్లు వినపడే మాట. తెనాలిలో ఒక మేడ మీద రెండు గదుల్లో మేం నడిపే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణంలో ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. అయినా ఆ అమ్మాయి అనగానే చటుక్కున వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా గోరుచిక్కుడుకాయలు తుంచుతూ వింటున్నారేమోనని. ఎవరూ లేరు. ఉండే అవకాశమూ లేదు. మా మేడం పోయి ఏడాది దాటింది.

ఆవిడ పేరు రాయను. తన గురించి ఎవరైనా రాస్తే ముందు ఆ రాసినవాడి చేతిరాత కాదు, వాడి నిజాయితీ దిద్దుతానని ఆవిడే ఒకసారి బెదిరించారు. పేరు లేకపోతే కొంత తప్పించుకోవచ్చని నా ఆశ.

బాపట్లలో మేం చదివిన కాలేజీలో కంప్యూటర్ లాబ్ ఆవిడ చేతిలో ఉండేది. ఊరు రేపల్లె. బస్సుంది, ఎక్కేవారు కాదు. పొద్దున్నే రైల్లో తెనాలి వచ్చి, అక్కడ ఇంకో రైలెక్కి బాపట్ల చేరేవారు. చుట్టుదారి కదా మేడం అంటే, బస్సులో అందరి వీపులే కనపడతాయి, రైల్లో ముఖాలు కనపడతాయి అనేవారు. ఆవిడ కుతూహలానికి మర్యాద తెలియదు. ఎదుటి సీటు పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని ఎందుకు రైలెక్కాడో తెలుసుకోకుండా దిగేవారు కాదు. ఆ సంగతి మాకు లాబ్‌లో చెప్పేదాకా పాఠమూ మొదలయ్యేది కాదు. ఇంకో దుర్గుణం కూడా చెప్పాలి, అడిగి తీసుకున్న పెన్ను తిరిగి ఇవ్వరు. మా బ్యాచ్ పెన్నులన్నీ రేపల్లెలో ఏదో డబ్బాలో ఉండి ఉంటాయి.

ఎవరి ప్రోగ్రాం అయినా మొరాయిస్తే ఆవిడను పిలిచేవాళ్ళం. వచ్చి పక్కన కుర్చీ లాక్కుని, స్క్రీన్ వైపు కాకుండా గోడవైపు తిరిగి కూర్చునేవారు. సంచిలోంచి పొద్దున మార్కెట్లో కొన్న గోరుచిక్కుడుకాయలు తీసి, ఒళ్ళో పేపరు పరుచుకుని తుంచడం మొదలుపెట్టేవారు. నీ పని నువ్వు చేసుకో, నేను లేననుకో అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. సాయానికి పిలిస్తే వంట పని పెట్టుకున్న మనిషిని ఎక్కడ చూస్తాం? రెండు నిమిషాలు బిగుసుకుని కూర్చుని, మూడో నిమిషంలో నిజంగానే ఆవిడను మరిచిపోయి, మాకు అలవాటైన దొంగ దారుల్లో పని చేసుకుపోయేవాళ్ళం. సరిగ్గా అప్పుడు గోడవైపు నుంచి, "ఇప్పుడు నొక్కిందేంటి?" అని వినపడేది. మీటల చప్పుడును బట్టి ఎవరు ఏం చేస్తున్నారో చెప్పగలిగేవారు. చూస్తూ కూర్చుంటే మనుషులు నేర్పినట్టు చేస్తారు, చూడకపోతే రోజూ చేసేటట్టు చేస్తారు, నాకు రెండోది కావాలి అనేవారు.

ఆవిడకు ఇంకో ఊతపదం ఉండేది. ఫైలు దొరకడం లేదు మేడం అని ఎవరైనా అంటే, "ఎక్కడ నించుని వెతుకుతున్నావు?" అనేవారు. కంప్యూటర్లో ప్రతి ప్రోగ్రాం ఏదో ఒక ఫోల్డరులో నిలబడి పని చేస్తుంది. మనం ఊరికే ఫలానా ఫైలు తీసుకురా అంటే, అది తాను నిలబడ్డ చోటనే వెతుకుతుంది. ఇంత చిన్న సంగతి. కానీ ఆ ప్రశ్న ఆవిడ నోటికి ఎంత అలవాటంటే, క్యాంటీన్లో ఉప్మా బాగాలేదన్నా అదే అడిగేవారు. పరీక్ష కష్టంగా ఉందన్నా అదే.

వాళ్ళ చర్చి హార్మోనియం కథ మా బ్యాచ్‌లో వినని వాళ్ళు లేరు. అందులో ఒక మెట్టు ఆదివారం మాత్రం పలికేది కాదట. సోమవారం మెకానిక్ వచ్చి చూస్తే శుభ్రంగా పలికేది. అతను రెండుసార్లు విప్పి, దుమ్ము దులిపి, ఇందులో జబ్బేమీ లేదండీ, వాయించేవారిదే జబ్బు అని తేల్చాడు. వాయించేది వీళ్ళ చిన్నాన్న, ఆయన అలిగాడు. మేడం ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళి, ఈసారి విప్పొద్దు నాయనా, ఆదివారం ఆరాధనకు వచ్చి కూర్చో అన్నారు. పాపం అతను కీర్తనలూ ప్రసంగమూ పూర్తిగా విన్నాడు. ఆదివారాలు జనం ఎక్కువని హార్మోనియాన్ని పక్కకు జరిపి ఒక వంకర బల్ల మీద పెడతారు, ఆ వంపుకు మెట్టు పట్టేస్తుంది. సోమవారం మెకానిక్ దాన్ని నేల మీద పెట్టుకుని విప్పుతాడు. బల్ల కాలి కింద చెక్కముక్క పెట్టగానే చిన్నాన్న అలక తీరింది. ఈ కథ చెప్పి ఆవిడ నవ్వేవారు కాదు. ఆ వాయించే మనిషిదే జబ్బన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగేవారు. ఎందుకు ఆగేవారో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

మా పనిలో డీబగ్గర్ అని ఒక సాధనం ఉంటుంది. ప్రోగ్రాంను దాని చేత నడిపిస్తే అడుగడుగునా ఆపి, లోపల ఏం జరుగుతోందో చూడవచ్చు. దాంట్లో ఒక్కటే చిక్కు. కొన్ని ప్రోగ్రాంలు దాని చేతిలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి, బయట వదిలేస్తే తేడా చేస్తాయి. మేడం దీన్ని ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడి అనేవారు. ఆ రోజు చూసి బడి ఎలా నడుస్తుందో రాసుకుపోతే ఎలా ఉంటుందో, డీబగ్గర్లో చూసి ప్రోగ్రాం బాగుందనడం అలా ఉంటుందని ఆవిడ లెక్క. నేను ఈ పాఠం విన్నాను, నోట్సు రాసుకున్నాను, పరీక్ష పాసయ్యాను, మరిచిపోయాను.

చాలా ఏళ్ళు గడిచాయి, ఆవిడ రిటైరై రేపల్లెలోనే ఉంటున్నారు. నేను చెరుకుపల్లి దగ్గర ఒక రైస్ మిల్లుకు ప్రోగ్రాం రాసి ఇచ్చాను. రైతు ధాన్యం తెస్తే గుప్పెడు గింజలు తేమ మిషన్లో పోస్తారు. మిషను ఇచ్చే అంకెను నా ప్రోగ్రాం ఒక పట్టికలో చూసి తేమ శాతంగా మార్చి చీటీ అచ్చు వేస్తుంది. శాతం పదిహేడు దాటితే మిల్లు తీసుకోదు. రైతు ఆ ధాన్యాన్ని వెనక్కి తీసుకెళ్ళి రోడ్డు మీద పోసి మళ్ళీ ఎండబెట్టుకోవాలి, వాన పడకుండా చూడమని దేవుడికి మొక్కుకోవాలి. రైతుకూ మిల్లుకూ మధ్య ఆ చీటీ ఇచ్చే మనిషి సుబ్బారావు. పక్క ఊరివాడు, నలభై అయిదేళ్ళుంటాయి, ఇరవై ఏళ్ళుగా అక్కడే పని.

సీజను మొదలైన పది రోజులకు గొడవ మొదలైంది. పొద్దున తెచ్చిన ధాన్యానికి తేమ ఎక్కువ చూపిస్తోంది, మధ్యాహ్నం తెచ్చినదానికి తగ్గుతోంది. మంచు కురిసే రోజులు, పొద్దున తేమ ఉండదా అన్నారు మొదట. ఒక రైతు మొండివాడు. ఒకే బస్తాను గోడౌన్లో ఉంచి, పొద్దున ఒకసారి, రోజూ పోయే కరెంటు పోయి వచ్చాక మధ్యాహ్నం ఒకసారి కొలిపించాడు. రెండు పాయింట్లు తేడా. అంతలో ఇంకెవరికో గుర్తొచ్చింది, సుబ్బారావు బావమరిది ధాన్యం మధ్యాహ్నం వచ్చింది, మొదటి కొలతకే పాసైంది. ఇక చెప్పేదేముంది, సుబ్బారావు తనవాళ్ళకు తగ్గించి కొలుస్తున్నాడన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకం.

యజమాని నాకు ఫోన్ చేశాడు. నేను తెనాలిలో నా లాప్‌టాప్‌లో, డీబగ్గర్లో పెట్టి ప్రోగ్రాంను నడిపి చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. మిల్లుకు కూడా వెళ్ళాను. పదకొండింటి బస్సుకు వెళ్ళి, సుబ్బారావును నా ఎదురుగా ప్రోగ్రాం ఆపి మళ్ళీ తెరవమన్నాను. నేను నేర్పినట్టే స్క్రీన్ మీద ఉండే ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కి తెరిచాడు. గింజలు పోశాడు. సరిగ్గానే వచ్చింది. తిరిగి వచ్చాక యజమానికి ఫోన్ చేసి చెప్పాను. ప్రోగ్రాంలో ఏ లోపమూ లేదండీ, మనిషిని చూసుకోండి అన్నాను. అన్నప్పుడు నాకు చాలా తేలిగ్గా అనిపించింది. ఆడలేక మద్దెల ఓడన్నవాడికి కూడా అలాగే ఉండి ఉంటుంది. ఈ శనివారం దాకా చూసి మానిపించేస్తానన్నాడాయన.

ఆ వారంలోనే రేపల్లె రైల్లో మేడం కనపడ్డారు. ఎలా ఉన్నావని అడగలేదు, ఇప్పుడు ఏ ప్రోగ్రాం నిన్ను ఏడిపిస్తోంది అని అడిగారు. నేను ఈ కథంతా సరదాగానే చెప్పాను, ఫోన్లో నేనన్న మాటతో సహా. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. పొద్దున పూట ఎప్పుడైనా చూశావా అన్నారు. లేదన్నాను. నువ్వు లేనప్పుడు చూశావా అన్నారు. నేను లేనప్పుడు నేనెలా చూస్తాను మేడం అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. రేపు మొదటి రైలుకు రేపల్లె రా, నేనూ వస్తాను అన్నారు.

మర్నాడు ఇద్దరం ఆటోలో మిల్లు దగ్గర దిగేసరికి ఇంకా తలుపులు తీస్తున్నారు. నన్ను రోడ్డవతల టీకొట్టులో కూర్చోబెట్టి, పిలిచేదాకా రావద్దన్నారు. ఆవిడ మాత్రం సంచి పట్టుకుని లోపలికి వెళ్ళి, మావాడు వచ్చేదాకా కాసేపు కూర్చుంటాను నాయనా అని సుబ్బారావుతో అన్నారట. అందులో అబద్ధమేమీ లేదు. కూర్చోండమ్మా అని అతనే కుర్చీ దులిపి వేశాడట. ఆవిడ అలవాటు ప్రకారం గోడవైపు తిరిగి, కాయలు ముందేసుకున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. రెండూ కలిశాయి కాబట్టి రాస్తున్నాను.

కంప్యూటర్ లేచింది. మౌస్ రెండుసార్లు టక్‌టక్‌మంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఏదో గొణుగుడు. మేడం ఒక్కసారి తిరిగి చూశారు. సుబ్బారావు నిలబడి, స్క్రీన్ మీద ఉన్న ఒక చీటీకి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

"ఏంటి నాయనా అది?" అన్నారు మేడం.

"బోణీ చీటీ అండి. సీజను మొదటి రోజు ఒక పెద్ద రైతు చేత్తో కొలిపించాం. ఆయన చేతివాసి మంచిదండి. రోజూ ముందు అది తెరిచాకే కొత్తది మొదలెడతానండి."

"మొన్న ఇంజనీరు గారు వచ్చినప్పుడు కూడా ఇలాగే తెరిచావా?"

"లేదండి. ఆయన బొమ్మ మీద నొక్కమని నేర్పారు కదండి. చదువుకున్నవాళ్ళు, నవ్వుతారేమోనని ఆయన ముందు తెరవలేదండి."

ఆవిడ కాయలు సంచిలో వేసుకుని రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చారు. విన్నదంతా చెప్పారు. వింటూ ఉండగానే నాకు మొత్తం అర్థమైంది. మొదటి రోజు నేను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిందంతా ఒకే ఫోల్డరుగా ఆ కంప్యూటర్లో దింపాను. బోణీ చీటీ అందులోనే దాచుకున్నాడు సుబ్బారావు. వారం తిరిగేసరికి మిల్లువాళ్ళు తేమ మిషను మార్చారు, దానితో పట్టిక కూడా మారాలి. నేను వెళ్ళి ప్రోగ్రాంను వేరే చోట పద్ధతిగా పెట్టి, కొత్త పట్టిక అక్కడ ఉంచాను. పాత ఫోల్డరు తీసేస్తుంటే సుబ్బారావు అడ్డుపడ్డాడు, బోణీ ఉందండి అందులో, ఉండనీయండి అని. సరే అన్నాను. అందులో పాత పట్టిక కూడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. బొమ్మ మీద నొక్కితే ప్రోగ్రాం తన చోట నిలబడి కొత్త పట్టిక చూస్తుంది. బోణీ చీటీ మీద నొక్కినా ప్రోగ్రాం తెరుచుకుంటుంది, కానీ ఆ చీటీ ఉన్న ఫోల్డరులో నిలబడి పాత పట్టిక చూస్తుంది. నా డీబగ్గర్లో అయితే అది ఎప్పుడూ నేను నిలబెట్టిన చోటనే నిలబడుతుంది. పొద్దున బోణీతో తెరిచిన ప్రోగ్రాం కరెంటు పోయేదాకా తప్పు చూపిస్తుంది. కరెంటు వచ్చాక ఆ రోజు బోణీ అయిపోయింది కాబట్టి బొమ్మ మీద నొక్కి తెరుస్తాడు, మధ్యాహ్నమంతా ఒప్పు చూపిస్తుంది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "చూశారా మేడం, అతనే తప్పుగా తెరిచాడు" అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో. చెప్పులు చేత్తో పట్టుకున్న పెద్దాయనను కూడా అలాగే చూసి ఉంటారు, వీడు ఎందుకిలా ఉన్నాడు అని.

"పక్కింట్లోంచి కత్తిపీట తెమ్మని పిల్లను పంపావు. ఎవరి పక్కిల్లో చెప్పలేదు. అది తన పక్కింటికి పోయి మొద్దు కత్తిపీట తెచ్చింది. తప్పు పిల్లదా?"

నేను మిల్లు లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తీశాను. ఎవరు ఎక్కడి నుంచి పిలిచినా ప్రోగ్రాం తన సొంత ఫోల్డరులోని పట్టికనే చూడాలని రాయాలి, ఒక్క వాక్యం. మొదటి రోజే రాయాల్సిన వాక్యం. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. సుబ్బారావును బోణీ చీటీ మీదే నొక్కి తెరవమన్నాను. సిగ్గుపడుతూ తెరిచాడు. గోడౌన్లో ఉన్న ఆ మొండి రైతు బస్తాలోంచే గింజలు తెచ్చి పోశాడు. సరిగ్గా వచ్చింది.

అప్పటికి యజమాని వచ్చాడు, ముగ్గురు నలుగురు రైతులు కూడా వచ్చారు. నేను ఫోల్డర్ల గురించీ, పట్టికల గురించీ విడమర్చి చెప్పాను. చిన్న సాంకేతిక సమస్య, సరిచేశానన్నాను. యజమాని తల ఊపాడు. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు అందింది ఒకటే, మిషను బాగుపడింది. అంతకు ముందు మనిషి చెడ్డవాడా కాదా అన్నది ఎవరికీ అందలేదు. సుబ్బారావు ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. శనివారం ఎల్లుండే.

మేడం లోపలికి వచ్చి మళ్ళీ గోడవైపు తిరిగే కూర్చుని ఉన్నారు. "ఆ మాట కూడా చెప్పు" అన్నారు.

ఏ మాటో నాకు తెలుసు. వాయించే మనిషిదే జబ్బన్న మాట దగ్గర ఆవిడ ఎందుకు ఆగేవారో అప్పుడు తెలిసింది. నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడ మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే అనేశాను, సుబ్బారావు గారి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదండీ, పరీక్షించింది నా లాప్‌టాప్‌లో, అది చాలదని తెలిసీ మనిషిని చూసుకోమన్నది నేనే, ఆ మాట తప్పు అని.

సుబ్బారావు చేతులు వదిలేశాడు.

"మీరన్నారా అండి ఆ మాట?"

అవునన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి మిల్లులో ఉన్న మనిషి, కేకలు వేస్తాడనుకున్నాను.

"అయితే మా ఇంటిదాకా రావాలండి. వారం నుంచి మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. మీరు చెబితే నమ్ముద్ది."

యజమాని వెళ్ళిరమ్మన్నాడు. వెళ్ళాం, ఆటోలో ముగ్గురం. సుబ్బారావు భార్య గడపలోనే నిలబడి విన్నది. నేను చీటీ సంగతి, పట్టిక సంగతి, పెన్‌డ్రైవ్ సంగతి వరసగా చెప్పాను. ఆమె అన్నీ విని, ఇంతకీ ఈయన చేశాడా లేదా అని అడిగింది. లేదమ్మా అన్నాను. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది, ముందు భర్తకు ఇచ్చింది. తర్వాత నాతో, మా తమ్ముడి ఇంట్లో కూడా ఈ ముక్క చెప్పాలండి, వాడి ధాన్యం మీదే కదా అందరూ పడ్డారు అంది. తమ్ముడు గేదెలకు గడ్డి వేస్తున్నాడు. అతనికి సగమే చెప్పాను, మిగతాది అక్కర్లేదని అర్థమైంది.

మూడో ఇల్లు సుబ్బారావు మామగారిది. అల్లుడు కూతురి మొహానికి మచ్చ తెచ్చాడని ఆయన అన్నం మానేసినంత పని చేశాడట. వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఎనభై ఏళ్ళుంటాయి. అక్కడికి చేరేసరికి నా దగ్గర ఫోల్డరూ లేదు, పట్టికా లేదు. నేను పెద్దాయన ముందు నిలబడి, తప్పు మీ అల్లుడిది కాదండీ, నాది అన్నాను.

మేడం ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని నా వైపే చూస్తున్నారు.

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనకు వినపడదంట. గట్టిగా చెప్పమన్నాడు.

ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. పక్కింట్లో బట్టలు ఉతుకుతున్న ఆవిడ కుళాయి కట్టేసింది. నేను ఊపిరి తీసుకుని, వీధి చివరిదాకా వినపడేటట్టు మళ్ళీ చెప్పాను.